గేదె అకస్మాత్తుగా రావలెను

చోడపేట కంటి పరీక్షల బండిలో స్టీరింగు వెనక, స్పీడు ముల్లుకీ డీజిలు ముల్లుకీ మధ్య, ఒక మెరూన్ రంగు బొట్టుబిళ్ళ అంటించి ఉండేది. భానోజీరావు దాన్ని చాలాకాలం భక్తి అనుకున్నాడు. డ్రైవరు తవిటయ్య బండి ముందు నిమ్మకాయ, అద్దానికి నల్లతాడు కట్టుకునే మనిషి. అలాంటివాడు మీటర్లకి బొట్టు పెడితే వింతేముంది? ఆ బొట్టు చుట్టూ పసుపుపచ్చని వెలుగు ఒకటి సన్నగా తొంగిచూస్తూ ఉండేది. దాన్నీ గమనించాడు గానీ, దేవుడి సంగతి మనకెందుకని ఊరుకున్నాడు.

వానాకాలం మొదట్లో ఒకరోజు, బండి ఘాటు రోడ్డు దిగి వస్తుంటే, ఉక్కకి జిగురు వదిలి ఆ బొట్టు రాలిపడింది. దాని కింద మూడు ఇంగ్లీషు అక్షరాల లైటు నిక్షేపంలా వెలుగుతోంది.

"ఏమిటది తవిటయ్యా?"

"ఏటీ నేదు బాబూ. ఊరికే ఎలుగుతాది. అదలా ఎలుగుతుంటే నాకు కళ్ళు లాగేత్తన్నాయని మా ఇంటిది బొట్టెట్టింది."

"ఎన్నాళ్ళ నుంచి?"

"బొట్టా, లైటా?"

భానోజీరావు బండిని తిన్నగా వర్కుషాపుకి పోనిమ్మన్నాడు. అతని ఉద్యోగం కొండ ఊళ్ళు తిరిగి కళ్ళు పరీక్షించి అద్దాలివ్వడం. రోజంతా ఎదుటివాళ్ళ కళ్ళలోకి తిన్నగా చూసే పని కాబట్టి, చూసినదాన్ని చూడలేదనడం అతనికి అలవాటు కాలేదు. పైగా బ్రేకుల విషయంలో ఇంట్లో అతనికొక శిక్షణ ఉంది. భార్య హైమవతి బస్సెక్కినా కారెక్కినా, మలుపు వచ్చినప్పుడల్లా కుడికాలితో నేలని నొక్కేది. "నువ్వు తొక్కితే బస్సు ఆగుతుందా?" అని అతను నవ్వేవాడు. "ఇంతవరకూ ఆగుతూనే ఉందిగా," అనేది ఆవిడ. ఆవిడ పోయాక ఆ అలవాటు అతనికి వచ్చింది. ఆస్తిలో అదొక వాటా అనుకుంటాడు.

వర్కుషాపులో మెకానిక్కు బండిని జాకీ మీద లేపి, ముందు ఎడమ చక్రం దగ్గర తల దూర్చి, బయటికొచ్చి చెప్పాడు. "గట్టిగా బ్రేకు కొడితే చక్రాలు బిగుసుకుపోయి బండి జారిపోతుంది కదా సార్. అలా జారకుండా ఏబీఎస్ అనేది బ్రేకుని పట్టి వదిలి, పట్టి వదిలి చేస్తుంది. చక్రం తిరుగుతోందో బిగుసుకుందో దానికి కబురందించే సెన్సరు ఒకటుంటుంది. మీ ఎడమ చక్రం సెన్సరు పోయింది. కబురు అందక ఏబీఎస్ లైటు వేసుకుని సెలవు పెట్టేసింది. మామూలు బ్రేకులున్నాయి. కానీ తడి ఘాటు మీద గట్టిగా తొక్కారో, బండి మీ మాట వినదు."

"కొత్త సెన్సరు ఉందా?"

"బీరువాలో ఉంది."

"వెయ్యడానికి ఎంతసేపు?"

"టీ తాగే లోపల. కానీ బీరువా తియ్యాలంటే ఆర్డరు కావాలి."

ఆర్డరు ఇచ్చేది జిల్లా వాహన సంరక్షణాధికారి నరహరి. ఆ నెల 'వృథా నివారణ మాసం'. కార్యాలయం గోడల నిండా కొత్త పోస్టర్లున్నాయి. ప్రతి పోస్టరు మీదా కాగితం వృథా చేయరాదని రాసి ఉంది. నరహరి భానోజీరావు అర్జీని చివరిదాకా చదివి, జాలిగా తలూపాడు.

"లైటు వెలుగుతోందంటున్నారు. వెలగకపోతే లోపం గానీ, వెలగడం లోపమెలా అవుతుంది?"

"అది లోపం ఉందని చెప్పే లైటండీ."

"చెప్పడం వేరు, రుజువు వేరు. నియమం వినండి." ఆయన గొంతు సవరించుకున్నాడు. ఆ నియమం ఆయన రాసిందే, అందుకని కళ్ళు మూసుకునే చెప్పగలడు. "బ్రేకు వ్యవస్థ వైఫల్యము వలన ప్రమాదమునకు గురైన వాహనమునకు, నిర్ధారణ సంఘము తనిఖీ జరిపిన పిమ్మట, కొత్త సెన్సరు మంజూరు చేయవలెను. ప్రమాదమునకు గురికాని వాహనమునకు మంజూరు చేయుట వృథాగా పరిగణింపబడును. ఎంత హేతుబద్ధంగా ఉందో చూశారా? మొన్న ఒకాయన వచ్చి ఫైరు బకెట్లలో ఇసక మార్చమన్నాడు. నిప్పు అంటుకుందనీ, ఆ ఇసకతో ఆరలేదనీ రుజువు తెమ్మన్నాను. మళ్ళీ రాలేదు. అంటే అవసరం లేనట్టేగా."

"అంటే మా బండికి ప్రమాదం జరగాలంటారు."

"ఆ మాట నేననను. రికార్డులో ఆ మాట ఉండాలంటాను."

"పోనీ సెన్సరు నేనే కొనుక్కుని వేయించుకుంటానండీ."

నరహరి కుర్చీలో వెనక్కి వాలాడు. "ప్రభుత్వ వాహనంలో ప్రైవేటు వస్తువు పెట్టడాన్ని ఆక్రమణ అంటారు భానోజీరావుగారూ. మీరు చదువుకున్నవారు. ఇంకొక సంగతి. లోపం ఉన్నదని లిఖితపూర్వకంగా తెలియజేశారు గనక, నేటి నుంచీ సదరు వాహనం ఘాటు ఎక్కరాదు. తెలియని లోపంతో ఎక్కితే అది విధి నిర్వహణ. తెలిసిన లోపంతో ఎక్కితే నిర్లక్ష్యం."

బయట బండి దగ్గర తవిటయ్య జరిగిందంతా భానోజీరావు నోట విన్నాడు. రాలిపడిన బొట్టుబిళ్ళ వాడి అగ్గిపెట్టె మీద అంటించి ఉంది. దాన్ని గోటితో నిమురుతూ, "మళ్ళీ ఎట్టీసుంటే పోయేది కదా బాబూ," అన్నాడు.

అదే నయమేమోనని భానోజీరావుకీ అనిపించింది. ఎందుకంటే కొండ మీద గుమ్మడిగెడ్డలో పాంగి బుద్రి అనే ముసలావిడ అతనికోసం చూస్తోంది.

ఎండాకాలంలో చోడపేట క్యాంపులో గుమ్మడిగెడ్డ వాళ్ళకి కొందరికి శుక్లాల ఆపరేషన్లు చేశారు. పుండు మానాక చూపు కొలిచి అద్దాలివ్వాలి. అద్దాలు లేకపోతే వెలుగు తెలుస్తుంది గానీ వస్తువు తెలియదు. కొలిచే మెషీను బండిలో బోల్టులతో బిగించి ఉంది. బుద్రి ఆ ఊళ్ళో విత్తనం ఏరే మనిషి. రాజ్మా గింజ చేతిలోకి తీసుకుని, పురుగు కన్నమున్నది ఇటు, మంచిది అటు పారేస్తుంది. ఆవిడ ఏరిందే ఊరంతా విత్తుతారు. ఆపరేషనుకి ముందు ఆవిడ అడిగింది ఒక్కటే. "విత్తే ఏలకి కనబడతాదా బాబూ?" "కనబడుతుందవ్వా. నువ్వు దిగి రానక్కర్లేదు, మీ గుమ్మంలోకే బండి తెస్తాను," అన్నాడు భానోజీరావు. ఆ మాట ఎవరూ రాయించుకోలేదు. అందుకే అది అతన్ని ఎక్కువ బాధపెట్టింది.

సంతరోజు గుమ్మడిగెడ్డ మనిషొకడు పనసపళ్ళ కావిడి దింపుతూ, "అవ్వ అడగమంది. దుక్కయిపోయింది, బండెప్పుడొత్తాదని," అన్నాడు.

భానోజీరావు మళ్ళీ నరహరి దగ్గరికి పోయాడు. నరహరి సానుభూతి లేనివాడేం కాదు. ఆలోచించి ఒక మార్గం చెప్పాడు. "రకరకాల అద్దాలు ఒక పెట్టెలో పెట్టి ఏదో జీపులో పంపండి. ఎవరికి ఏది నప్పితే అది వారే తీసుకుంటారు."

"ఒకసారి అలాగే పంపామండీ, నాకు ముందున్నాయన హయాంలో. ఫ్రేము ముఖానికి ఎలా ఉందో చూసి తీసుకున్నారు. ఏడాది పొడుగునా ఊరంతా ఒకళ్ళ కళ్ళతో ఇంకొకళ్ళు చూశారు. ఒకాయన పక్కింటి మేకని తన మేకే అనుకుని పెంచేశాడు."

నరహరి పక్కన నిలబడ్డ సూపరింటెండెంటు అన్నపూర్ణమ్మ లవంగం నములుతూ అప్పటిదాకా మాట్లాడలేదు. ఆవిడ చాలామంది అధికారులు వచ్చి వెళ్ళడం చూసిన మనిషి. "అయ్యా, ప్రమాదం జరిపించే అధికారం మీకు లేదు గానీ, నిర్ధారణ సంఘానికి ఉందేమో చూడండి," అంది.

నరహరి ముఖం దీపం పెట్టినట్టయింది. ఇంతవరకూ ఏ కార్యాలయమూ చేయని పని అది.

నిర్ధారణ సంఘం సోమవారం కూర్చుంది. రోడ్ల వారు, అగ్నిమాపకం వారు, పశువుల వారు ఒక్కో ప్రతినిధిని పంపారు. చర్చ మొదట బండి దేన్ని గుద్దాలన్న దానిమీద నడిచింది. గోడని గుద్దడానికి రోడ్ల వారు ఒప్పుకోలేదు. ఆ గోడకి ఇంకా ప్రారంభోత్సవం కాలేదట. చెట్టయితే అటవీ శాఖని అడగాలి. మనిషి సంగతి వచ్చేసరికి కొంచెంసేపు అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అప్పుడు భానోజీరావు, "గుద్దకుండా కుదరదాండీ?" అని అడిగాడు.

నరహరి పాత ఉత్తర్వులు తిరగేసి, కుదురుతుందన్నాడు. అకస్మాత్తుగా అడ్డువచ్చిన దానిని తప్పించబోయి చక్రములు జారినను ప్రమాదమే. రోడ్డు మీద నల్లటి చారలు పడితే చాలు, గుద్దడం ఐచ్ఛికం.

"అకస్మాత్తుగా అడ్డురావడానికి మా శాఖ దగ్గర మంచి గేదె ఉంది," అన్నాడు పశువుల ప్రతినిధి. "పాడి పోటీల్లో బహుమతి వచ్చింది. జనానికి బెదరదు."

ఆ రోజు తీర్మానం అన్నపూర్ణమ్మ చదివి వినిపించింది. శుక్రవారం పదకొండు గంటలకు, బైపాసు రోడ్డుపై, సదరు గేదె ఎడమవైపు నుండి అకస్మాత్తుగా రావలెను. గేదె రాకను గురించి డ్రైవరుకు ముందుగా తెలియనీయరాదు. రోడ్డు తడిగా ఉండుట అవసరము గనుక, ఆనాడు వర్షము పడని యెడల అగ్నిమాపక శాఖ వారు వర్షము సరఫరా చేయవలెను. సభ్యులు గొడుగులతో హాజరుకావలెను.

తవిటయ్యని లోపలికి పిలిచారు. గేదె సంగతి తనకేమీ తెలియదని వాడి చేత సంతకం పెట్టించారు.

"ఏ గేదె బాబూ?" అన్నాడు వాడు.

"అదిగో, తెలియదంటున్నాడు. సాక్షులు రాసుకోండి," అన్నాడు నరహరి.

శుక్రవారం ఆకాశం తుడిచిన పలకలా ఉంది. బైపాసు పక్కన షామియానా వేశారు. అగ్నిమాపక యంత్రం వచ్చి రోడ్డుని పెళ్ళివాకిలిలా తడిపింది. సభ్యులు ఎండలో గొడుగులు విప్పుకుని, వర్షం అని రాసి సంతకాలు పెట్టారు. కంటి బండిని దూరంగా, రోడ్డు వంపు అవతల నిలబెట్టి, గేదెని లారీలోంచి దింపారు. నల్లగా, నిగనిగలాడుతూ, మెడలో బహుమతి గంటతో ఉంది. భానోజీరావుకి దాన్ని చూస్తే ముచ్చటేసింది. ఇంతమంది ఇన్ని గంభీరమైన ముఖాలతో నిలబడ్డ చోట, ఒక ప్రాణి అయినా మామూలుగా ఉంది.

మరీ మామూలుగా ఉంది. తడి రోడ్డు కనబడగానే అది తిన్నగా నడిచి, నడిమధ్యకి పోయి, కాళ్ళు ముడుచుకుని పడుకుంది.

టైము ఇంకా పదిన్నర.

కాపలావాడు అదిలించాడు, తోక మెలితిప్పాడు. గేదె కళ్ళు మూసుకుంది. పశువుల ప్రతినిధి దాన్ని సమర్థించాడు. "నీళ్ళు కనబడితే పడుకోవడం దాని స్వభావమండీ. మీ తీర్మానంలో నీళ్ళున్న సంగతి మాకు చెప్పలేదు."

"అకస్మాత్తు ఎలా మరి?" అన్నారు రోడ్ల వారు.

నరహరి గొడుగు కింద అటూ ఇటూ నడిచాడు. "గేదె స్థిరంగా ఉన్నది గనుక, అకస్మాత్తుగా వచ్చే బాధ్యతను వాహనానికి బదిలీ చేస్తున్నాం," అన్నాడు. పచ్చజెండా ఊపారు.

తవిటయ్య వంపు తిరిగి వచ్చాడు. రోడ్డు మధ్యలో గేదె, దాని చుట్టూ పదిమంది గొడుగులు. వంపు పక్క చెరుకుతోట అవతల నుంచే అంతా కనబడింది. వాడు స్పీడు తగ్గించి, మర్యాదగా హారను కొట్టి, గేదెకి నాలుగు బారల దూరంలో మెత్తగా ఆపి, కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"ఏటి, తప్పుకోదా?"

"ఎందుకాపావు?" అన్నాడు నరహరి.

"గేదుంది కదా బాబూ."

"నీకు గేదె తెలియదని సంతకం పెట్టావు."

"తెలవదు బాబూ. ఇప్పుడే చూసినాను."

రెండోసారీ అలాగే అయింది. మూడోసారి వాడు దిగి వెళ్ళి గేదె గంగడోలు నిమిరి వచ్చాడు. అప్పుడు నరహరికి ఒక ఆలోచన తట్టింది. భానోజీరావుని పక్కకి పిలిచాడు. "మీ దగ్గర అన్ని పవర్ల అద్దాలూ ఉంటాయిగా. డ్రైవరుకి సరిపడనివి ఒక జత పెట్టండి. దగ్గరికొచ్చేదాకా గేదె కనబడకూడదు. అకస్మాత్తు దానంతటదే వస్తుంది."

భానోజీరావు తన చేతిలోని పెట్టె వైపు చూసుకున్నాడు. ఎవరినీ నొప్పించే మనిషి కాదు. ఈ ఒక్క సెన్సరు కోసం అతను కావలసినన్ని కుర్చీల ముందు నిలబడ్డాడు. అవుననేస్తే మధ్యాహ్నానికల్లా పని అయిపోతుంది. రేపు గుమ్మడిగెడ్డ వెళ్ళొచ్చు.

"నా అద్దాలు కనబడటానికండీ," అన్నాడు నెమ్మదిగా. "కనబడకుండా చెయ్యడానికి నాకు రాదు."

నరహరి మొహం ముడుచుకుంది. షామియానా కిందికి వెళ్ళి తీర్పు చెప్పాడు. "వాహనం ముమ్మారు ఆగింది. గేదె క్షేమం. కనుక బ్రేకు వ్యవస్థ సలక్షణం, సెన్సరు అనవసరం. రాసుకోండి."

"అయితే ఘాటు ఎక్కొచ్చాండీ?" అన్నాడు భానోజీరావు.

"లైటు వెలుగుతుండగా ఎలా ఎక్కుతారు? లోపం ఉన్నట్టు మీరే లిఖితపూర్వకంగా ఇచ్చారు."

"లోపం లేదని ఇప్పుడు మీరు రాశారు కదండీ."

"నాది మంజూరుకు సంబంధించిన అభిప్రాయం. మీది ఘాటుకు సంబంధించిన అభిప్రాయం. ఒక దానికొకటి అడ్డురావు."

తవిటయ్య బండిని రోడ్డు పక్కకి తీసి ఆపేశాక, భానోజీరావు దాని మెట్టు మీద కూర్చున్నాడు. దుక్కయిపోయిన చేలు, చేట ముందు పెట్టుకుని ఎదురుచూసే బుద్రీ కళ్ళముందు కదిలారు. తవిటయ్య మంచినీళ్ళ సీసా తెచ్చి పక్కన పెట్టాడు.  

భోజనాల వేళ దాటుతోంది. నరహరి విసురుగా వెళ్ళి తన కారెక్కి, వెనక సీట్లో కూర్చున్నాడు. "పద, ఆలస్యమైంది," అన్నాడు. కారు తడి రోడ్డు మీద జోరందుకుంది.

సరిగ్గా అప్పుడు గేదెకి కూడా భోజనం గుర్తొచ్చింది. తీర్పు అయ్యాక నలుగురూ కలిసి రోడ్డు పక్కకి దొర్లించగా దొర్లించగా ఎడమ అంచుకి చేరిన ఆ జంతువు, ఉదయం నుంచీ ఇంతమంది బతిమాలినా చేయని పనిని, ఎవరూ అడగకుండా చేసింది. లేచింది. ఎడమవైపు నుంచి, అకస్మాత్తుగా, గంట మోగించుకుంటూ వచ్చింది.

కారు డ్రైవరు శక్తికొద్దీ బ్రేకు తొక్కాడు. నాలుగు చక్రాలూ బిగుసుకున్నాయి. కారు అడ్డం తిరిగి, గేదె తోకని తప్పించుకుని, షామియానా తాడొకటి తెంపుకుని, సభ్యులందరూ చూస్తుండగా నింపాదిగా జారుతూ జారుతూ వచ్చి, రోడ్డు పక్కన ఖాళీగా నిలబడ్డ కంటి బండి వెనక భాగాన్ని ఠంగుమని కొట్టి ఆగింది.

భానోజీరావు మెట్టు దిగి అప్పటికే షామియానా వైపు రెండడుగులు వేసి ఉన్నాడు. బండి బంపరు సొట్టపోయింది, వెనక దీపమొకటి పగిలింది. పరుగున లోపలికెక్కి చూస్తే మెషీను బోల్టుల మీద చెక్కుచెదరకుండా ఉంది. చేతులు జోడించబోయి, ముందు మనుషుల్ని చూద్దామని కారు తలుపు తీశాడు. నరహరికి దెబ్బేమీ తగల్లేదు. రెండు సీట్ల మధ్యనుంచి ముందుకొచ్చి, జీవితంలో మొదటిసారి తన కారు మీటర్ల వంక చూస్తున్నాడు. అక్కడ వరసగా బొట్టుబిళ్ళలు ఉన్నాయి. ఎర్రవి, పచ్చవి, ఒకటి మెరుపులది. అన్నిటి చుట్టూ వెలుగు.

"ఏమిటయ్యా ఇవన్నీ?"

"భక్తండీ," అన్నాడు కారు డ్రైవరు.

సభ్యులు రోడ్డు మీద చేరారు. కొలతపట్టీ తెచ్చారు గనక, వృథా కాకూడదని కొలిచారు. రెండు నల్లటి చారలు గేదె దగ్గర మొదలై కంటి బండి దగ్గర ముగిశాయి. అంత చక్కటి చారలు తమ శాఖలో ఎవరూ చూడలేదని రోడ్ల వారన్నారు.

అన్నపూర్ణమ్మ గొడుగు ముడిచింది. "అయ్యగారూ, నియమం ఒకసారి మళ్ళీ చెబుతారా?"

నరహరికి ఇంకా ఊపిరి సర్దుకోలేదు. అయినా అలవాటు కొద్దీ నోటంట వచ్చేసింది. "బ్రేకు వ్యవస్థ వైఫల్యము వలన ప్రమాదమునకు గురైన వాహనమునకు..."

"వైఫల్యం జరిగిందా?"

"జరిగింది," అన్నారు సభ్యులు.

"ప్రమాదం?"

"జరిగింది."

"గురైన వాహనమేదండీ?"

అందరూ కంటి బండి వైపు చూశారు. అది సొట్టపోయిన బంపరుతో, పాపం, ఎవరి జోలికీ పోకుండా నిలబడి ఉంది.

"కానీ వైఫల్యం నా కారుది కదా," అన్నాడు నరహరి.

"ఎవరి వైఫల్యమో నియమం అడగలేదండీ. మీరే రాశారు. గురిచేసిన వాహనానికి ఏమివ్వాలో అందులో లేదు, గురైనదానికే ఉంది. సంఘం తనిఖీ కూడా ఇక్కడే అయిపోయింది. సంతకం పెడితే భోజనానికి వెళ్ళొచ్చు."

భోజనం మాట విని సభ్యులు కలాలు తీశారు. నరహరి చాలాసేపు చారల వంకా, గేదె వంకా, అన్నపూర్ణమ్మ వంకా చూశాడు. ఆయన చెడ్డవాడు కాదు, తన వాక్యాలకి తాను కట్టుబడే మనిషి. సంతకం పెట్టాడు. పెట్టి, కింద ఒక షరతు చేర్చాడు. కొత్త సెన్సరు వలన నివారింపబడిన ప్రమాదముల ఆనవాళ్ళను ప్రతి నెలా పంపవలెను. లేనియెడల సదరు సెన్సరు వృథాగా పరిగణింపబడును.

"మరి నా కారుకి?" అని వెళ్ళేముందు అడిగాడు.

"దాన్ని ఏదైనా వచ్చి గుద్దాలండీ," అంది అన్నపూర్ణమ్మ. "గేదె వారిని మళ్ళీ తేదీ అడగమంటారా?"

మర్నాడు మెకానిక్కు చక్రం విప్పి, సెన్సరు కూర్చునే గుంటలో తుప్పు గీకి, కొత్తది బిగించి, వైరు క్లిప్పుల్లో సర్దాడు. నిజంగానే టీ తాగే లోపల. తాళం తిప్పితే లైటు ఒకసారి వెలిగి, ఆరిపోయింది. తవిటయ్య కాసేపు అటే చూశాడు.

"మరీ సీకటిగా ఉంది బాబూ," అన్నాడు.

గుమ్మడిగెడ్డలో బుద్రి గుమ్మంలోనే ఉంది. భానోజీరావు బండి మెట్లు ఎక్కించి, గడ్డం మెషీను మీద ఆనించి, ఒక్కొక్క అద్దమే మార్చి చూశాడు. చివరికి కళ్ళజోడు చెవులకి తగిలించాడు. ఆవిడ ముందు తన అరచేతులు చూసుకుంది. తర్వాత మనవరాలు పట్టుకొచ్చిన చేటలోంచి ఒక గింజ తీసి, తిప్పి, దాని కడుపులో సూదిమొనంత కన్నం చూసి, పారేసింది. ఆ పారేయడంలో ఎంత అధికారమో. ఏ సంఘమూ అవసరం లేదు ఆవిడకి.

అప్పుడు తలెత్తి అతన్ని చూసింది. "నువ్వేనా బాబూ?"

"నేనేనవ్వా."

"గొంతు విని కుర్రోడనుకున్నాను. ఇంత నెరిసిపోయినావేటి?"

గుమ్మంలో ఉన్న ఆడవాళ్ళు నవ్వారు. భానోజీరావూ నవ్వాడు. అతన్ని అంత శ్రద్ధగా ఎవరైనా చూసి చాలాకాలమైంది.

సాయంత్రం దిగి వస్తుంటే సన్నగా జల్లు పట్టింది. ఘాటులో పెద్ద మలుపు తిరగగానే, పక్క గట్టు మీంచి గేదెదూడొకటి రోడ్డు మీదికి ఉరికింది. తవిటయ్య కాలు బలంగా పడింది. బ్రేకు పెడలు వాడి పాదం కింద డప్పులా దడదడలాడింది. బండి జారలేదు, పక్కకి తిరగలేదు. తిన్నగా వచ్చి, దూడకి మూరెడు దూరంలో ఆగింది. లోయ తన చోట తాను ఉంది.

భానోజీరావు కుడికాలు నేలని గట్టిగా నొక్కి ఉంది. దాన్ని మెల్లగా వదులు చేసుకున్నాడు.  తర్వాత అతను గొడుగు లేకుండానే దిగి, బండి వెనక రోడ్డంతా వంగి వంగి చూశాడు.

"ఏటెతుకుతున్నారు బాబూ?"

"ఆనవాళ్ళు. నివారించిన ప్రమాదానివి. నెలాఖరుకి పంపాలి కదా."

తవిటయ్య కూడా దిగి వెతికాడు. రోడ్డు నున్నగా, తడిగా, నల్లగా మెరుస్తోంది. ఒక్క చార లేదు.

"ఏటీ నేదు బాబూ."

"లేదు," అన్నాడు భానోజీరావు. ఆ మాట అతనికి ఎంతో బాగుంది, మళ్ళీ అన్నాడు. "ఏమీ లేదు."

"మరాఫీసుకి ఏటి రాత్తారు?"

"ఇదే రాస్తాను."

దూడ ఇంకా బండి ముందే నిలబడి, దీపాల వెలుగులోకి బిత్తరబిత్తరగా చూస్తోంది. తవిటయ్య తువ్వాలుతో దాని నుదురు తుడిచి, అగ్గిపెట్టె మీంచి మెరూన్ బొట్టుబిళ్ళ ఊడదీసి, అక్కడ అంటించాడు. జిగురు పోయిన బొట్టు. వానకి ఎంతోసేపు ఉండదని ఇద్దరికీ తెలుసు. గట్టు మీంచి తల్లి అరిచింది. దూడ తల విదిలించి, బొట్టుతో సహా పైకి పరుగెత్తింది.